శుభం కార్డు పడని ఆట

'ఆర్ఆర్ఆర్' (2022)లో 'నాటు నాటు' పాట గుర్తుంది కదూ! గుర్తులేదంటే మాత్రం మీకూ నాకూ మాటల్లేవు. దొరల విందులో చిందు మొదలవుతుంది. ఒక్కొక్కరే కూలబడిపోతారు. ఆఖరికి మిగిలింది ఇద్దరే... రామ్, భీమ్. ఇద్దరూ ఇద్దరే! ఎవరి కాలూ ఆగదు. అప్పుడు రామ్ ఏం చేశాడు? జెన్నీ మనసు భీమ్ వైపు ఉందని గ్రహించాడు. కావాలని తనే కూలబడ్డాడు. భీమ్ గెలిచాడు. హాల్లో ఈలలే ఈలలు!

తెరమీద అది స్నేహం. అదే పని ఒక టోర్నమెంటులో చేస్తే? దాని పేరు మ్యాచ్ ఫిక్సింగ్! ఈలలు కాదు, చీవాట్లు పడతాయి.

సినిమాలో ముడి పడితే విప్పడానికి రచయిత ఉన్నాడు, దర్శకుడున్నాడు. పదహారో రీలుకల్లా ఎవరు గెలిచారో తేల్చి శుభం కార్డు వేస్తారు. మరి నిజం ఆటలో ఇద్దరూ సమ ఉజ్జీలయితే? అందులోనూ ఒక్కడు కాదు, అయిదుగురు కలిసి ఆడే ఆటలో ఇరుపక్కలా లెక్క సమానమైతే శుభం కార్డు ఎవరు వెయ్యాలి? ఎలా వెయ్యాలి?

"సినిమా పత్రికలో ఈ వీడియో గేముల గోలేమిటయ్యా?" అని పెద్దలు విసుక్కోవచ్చు. మొదటాట టిక్కెట్టు కోసం నిలబడ్డ కుర్రాళ్ళ చేతుల్లోకి ఒక్కసారి తొంగి చూడండి. ఫోన్లో ఎవరో ఆడుతున్న ఆటను రెప్పవాల్చకుండా చూస్తుంటారు. హీరోలకున్నట్టే ఆ టీములకీ వీరాభిమానులున్నారు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ ఆటలకు పతకాలు కూడా ఇచ్చారు. ఇక ఇది పిల్లల ఆట అని కొట్టిపారెయ్యడానికి లేదు.

రెండు రకాల ముడులు

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. 'సమం' అనేది రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ఆడుతున్న మ్యాచే సమంగా ముగియడం. రెండోది, మ్యాచ్‌లన్నీ అయ్యాక పాయింట్ల పట్టికలో రెండు టీములు ఒకే అంకె దగ్గర నిలబడిపోవడం. మొదటిది ఇద్దరు హీరోల ఫైటింగ్ తేలకపోవడం లాంటిది. రెండోది రెండు సినిమాలు పైసా తేడా లేకుండా ఒకే కలెక్షన్ చెయ్యడం లాంటిది. రోగాలు వేరు, మందులూ వేరే ఉండాలి. టోర్నమెంట్లు నడిపేవాళ్ళు చాలామంది రెండిటికీ ఒకే సీసాలో మందు పోస్తారు. తంటా అంతా అక్కడే!

మొదటి రోగం సంగతి చూద్దాం.

'కౌంటర్ స్ట్రైక్' తెలియని కుర్రాడుంటాడా? అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. ఒక పక్షం బాంబు పెట్టాలి, ఇంకో పక్షం ఆపాలి. సగం ఆట కాగానే పక్షాలు మారతాయి. 2023లో 'కౌంటర్ స్ట్రైక్ 2' వచ్చేదాకా సగానికి పదిహేను రౌండ్లు, ముందుగా 16 గెలిచినవాళ్ళది మ్యాచ్. ఇప్పుడు సగానికి పన్నెండే, 13 గెలిస్తే చాలు. మరి 12-12 అయితే? టోర్నమెంటులో ఓవర్‌టైమ్. ఇంకో ఆరు రౌండ్లు. ఈ పక్షాన మూడు, ఆ పక్షాన మూడు. నాలుగు గెలిచినవాళ్ళే విజేతలు. అక్కడా 3-3 అయిందా... మళ్ళీ ఆరు!

'వాలొరెంట్'లో పద్ధతి కొంచెం వేరు. 12-12 అయ్యాక రెండు రౌండ్ల ఆధిక్యం వచ్చేదాకా ఆడాల్సిందే. ఒకటి దాడి, ఒకటి కాపు. టెన్నిస్‌లో డ్యూస్ లాగన్నమాట. ఇందులో ఇంకో తమాషా ఉంది. మామూలుగా ఇంట్లో కూర్చుని ర్యాంకు కోసం ఆడేటప్పుడు, ఓవర్‌టైమ్‌లో "ఇంక చాల్లే, డ్రా అనుకుందాం" అని ఆటగాళ్ళు ఓటు వేసుకోవచ్చు. పెద్ద టోర్నమెంటులో మాత్రం ఆ మొహమాటాలేమీ ఉండవు!

ఈ ఓవర్‌టైమ్‌లో నాకు నచ్చింది ఒక్కటే. అదే ఆట, అదే అయిదుగురు, అవే తుపాకులు. ఇద్దరికీ చెరో పక్షం సమానంగా దక్కుతుంది. ఏ ఆటతో ముడి పడిందో ఆ ఆటతోనే విప్పుతున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

లోటు మాత్రం లేకపోలేదు. అంతెక్కడ? 2010లో వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ ఆడిన మ్యాచ్‌లో అయిదో సెట్ 70-68 దాకా సాగింది. మొత్తం మ్యాచ్ 11 గంటల 5 నిమిషాలు, మూడు రోజులు! 2019లో వింబుల్డన్‌వాళ్ళు చివరి సెట్లో 12-12 దగ్గర టై బ్రేక్ పెట్టుకున్నారు. 2022లో నాలుగు గ్రాండ్ స్లామ్‌లూ కలిసి 6-6 దగ్గరే పది పాయింట్ల టై బ్రేక్ అని ఒప్పందానికి వచ్చాయి. వీడియో గేముకైనా ఇదే లెక్క. వెనక ఇంకో మ్యాచ్ కాచుకుని ఉంటుంది. తెరకేసి చూసిచూసి పిల్లల కళ్ళు మండుతుంటాయి. "తేలేదాకా ఆడండి" అనడం తేలికే. ఆడేవాళ్ళను అడగండి చెబుతారు!

డ్రా కూడా ఒక ఫలితమే!

అయితే ప్రతి మ్యాచ్‌నీ తేల్చి తీరాలా? అక్కర్లేదంటాను. ప్రేక్షకుడికి విజేత కావాలి, నిజమే. 'గుండమ్మ కథ' (1962) చూసి బయటికొచ్చి "ఎన్టీఆర్ గెలిచారా, ఏఎన్నార్ గెలిచారా?" అని ఎవరైనా అడిగారా? ఇద్దర్నీ చూసి కడుపు నింపుకుని ఇంటికి పోయారు. లీగ్ మ్యాచ్ కూడా అలాంటిదే.

'డోటా 2' ఆటకు 'ది ఇంటర్నేషనల్' అని ఒక మహా పోటీ ఉంది. 2017లో సియాటిల్, 2018లో వాంకూవర్, 2019లో షాంఘైలో జరిగినప్పుడు 18 టీములను తొమ్మిదేసి చొప్పున రెండు గ్రూపులు చేశారు. గ్రూపులో ప్రతి జంటకూ రెండే రెండు ఆటలు. 2-0 కావచ్చు, 1-1 కావచ్చు. మూడో ఆట లేదు! చెరొకటి పంచుకుని చేతులు దులుపుకోవడమే.

దీనివల్ల లాభమేమిటంటారా? ఒకటి, ఎంపికలో ముందు వంతు లాంటి సౌకర్యాలు రెండు ఆటల్లో ఇద్దరికీ పంచే వీలుంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఊరూ పేరూ లేని ఒక చిన్న టీము, చాంపియన్ దగ్గర ఒక ఆట లాక్కుందనుకోండి. మూడో ఆట పెడితే చాంపియన్ తేరుకుని మ్యాచ్ పట్టుకుపోతాడు, చిన్న టీముకి మిగిలేది సున్నా. 1-1 దగ్గర ఆపితే ఆ చెమటకు విలువ దక్కుతుంది. కొత్త హీరోకి ఆ ఒక్క పాయింటే వంద రోజుల బోర్డు!

చదరంగం ఒలింపియాడ్ చూడండి. మ్యాచ్ గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. 2008 నుంచి ఈ మ్యాచ్ పాయింట్లే ముందు చూసేది. అంతకు ముందు బోర్డు బోర్డుకీ వచ్చిన పాయింట్లన్నీ కలిపి లెక్కేసేవారు. 2024లో బుడాపెస్ట్‌లో మన పురుషుల టీము స్వర్ణం గెలిచిందే, అందులో మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి, గుంటూరు హరికృష్ణ ఉన్నారు. 11 రౌండ్లలో పది గెలిచారు. ఉజ్బెకిస్తాన్‌తో ఒక్కటి 2-2 డ్రా చేశారు. మొత్తం 21 పాయింట్లు. ఆ డ్రా వాళ్ళ స్వర్ణానికి మచ్చ తేలేదు సరికదా, ఆ 21లో ఒక పాయింటు దానిదే!

కానీ డ్రాకి మరీ ఎక్కువ ధర కడితే మోసం వస్తుంది. ఆఖరి రోజు ఇద్దరికీ ఒక్కో పాయింటు చాలనుకోండి... ఎవరు ఒళ్ళు వంచుతారు? ఫుట్‌బాల్‌లో ఇదంతా అయిపోయిన కథే. గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి అని ఉన్న లెక్కను 1981లో ఇంగ్లండ్ లీగ్ మార్చి గెలుపుకి మూడు చేసింది. ప్రపంచ కప్‌లో 1994 నుంచి అదే. ఇక 1982 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ 1-0తో ఆస్ట్రియాని గెలిచింది. ఆ స్కోరుతో ఇద్దరూ ముందుకు పోతారు. దాంతో గోలు పడ్డాక ఆట చప్పబడిపోయింది. ముందురోజే తన మ్యాచ్‌లు ముగించుకున్న అల్జీరియా చూస్తూ ఇంటిదారి పట్టింది. ఆ తరవాత గ్రూపులో ఆఖరి మ్యాచ్‌లు ఒకే సమయానికి పెట్టడం మొదలైంది. వీడియో గేముల టోర్నమెంటు నడిపేవాళ్ళు నేర్చుకోవలసిన పాఠం ఇది. ఆఖరి రోజు మ్యాచ్‌లు ఒకే వేళకి పెట్టండి, సగం గోల తగ్గుతుంది.

నడిమి దారి కూడా ఒకటుంది. 'రెయిన్‌బో సిక్స్ సీజ్' లీగుల్లో మామూలు ఆటలో గెలిస్తే మూడు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లో గెలిస్తే రెండు, ఓవర్‌టైమ్‌లో ఓడితే ఒకటి, మామూలుగా ఓడితే సున్నా అన్న లెక్క పెట్టారు. అంతర్జాతీయ ఐస్ హాకీలో ఉన్నదీ ఇదే. విజేత తేలాడు, చివరిదాకా నిలబడ్డవాడూ ఉత్తచేతులతో పోలేదు. భేషైన ఏర్పాటు కాదూ!

మన కబడ్డీ సంగతి మర్చిపోతే తెలుగు టైటాన్స్ అభిమానులు నన్ను బతకనివ్వరు. ప్రో కబడ్డీలో టై అయితే ఇద్దరికీ మూడేసి పాయింట్లు ఇచ్చేవారు. 2025లో విశాఖపట్నంలో మొదలైన 12వ సీజన్‌తో ఆ లెక్క పోయింది. లీగ్ మ్యాచ్ అయినా సరే, టై అయితే చెరో అయిదు కూతలు పెట్టి తేల్చాల్సిందే. తేల్చడం మంచిదే... కూతతో ఆడే ఆటను కూతతోనే తేల్చారు, అది ఇంకా మంచిది.

పట్టికలో పడ్డ ముడి

ఇక రెండో రోగం... పాయింట్ల పట్టిక. 2021 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌లో 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' ప్రపంచ పోటీలు జరిగాయి. గ్రూప్ డిలో నాలుగు టీములు. కొరియా నుంచి జెన్‌జీ, చైనా నుంచి ఎల్‌ఎన్‌జీ, యూరప్ నుంచి మ్యాడ్ లయన్స్, అమెరికా నుంచి టీమ్ లిక్విడ్. ఒక్కొక్కరూ ఆరేసి ఆటలు ఆడారు. అన్నీ అయ్యాక చూస్తే... నలుగురూ మూడు గెలిచి మూడు ఓడారు! ఏ రచయితైనా ఇలా రాసుకొస్తే "నమ్మేలా లేదండీ" అని నిర్మాత వెనక్కి పంపేస్తాడు.

అప్పుడేం చేశారు? లెక్కలు తియ్యలేదు, చీటీలు వెయ్యలేదు. ఆడించారు! జెన్‌జీ లిక్విడ్‌ని కొట్టింది. మ్యాడ్ లయన్స్ ఎల్‌ఎన్‌జీని కొట్టింది. ఆ ఇద్దరిలో మొదటి స్థానం కోసం ఇంకో ఆట... జెన్‌జీదే. అదనంగా మూడు ఆటలు. ఓడినవాళ్ళు ఏడ్చి ఉంటారేమోగాని, "మాకు అన్యాయం జరిగింది" అనడానికి వీల్లేదు. ఎదురెదురుగా కూర్చుని ఓడారు కనక.

అసలు ముడే పడకుండా దారం చుట్టే ఉపాయం కూడా ఉంది. చదరంగంవాళ్ళ స్విస్ పద్ధతిని తెచ్చి, దానికో గీత గీశారు. 16 టీములు, మూడు గెలిస్తే లోపలికి, మూడు ఓడితే బయటికి. కౌంటర్ స్ట్రైక్ మేజర్లలో 2017 నుంచి, లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీల్లో 2023 నుంచి ఇదే నడుస్తోంది. ఎవరు లోపల, ఎవరు బయట అన్నదానికి పేచీ లేదు. ఎవరితో ఎవరు తలపడాలన్న వరస కోసం మాత్రం, కౌంటర్ స్ట్రైక్‌లో నువ్వు ఎంత గట్టివాళ్ళతో ఆడావో చూసే 'బుహోల్జ్' లెక్క వాడతారు. అది 1930ల నాటి చదరంగం లెక్క! పాత కథే, కొత్త బానరు.

మా మేనల్లుడి గోడు

ఇదంతా పెద్దవాళ్ళ సంగతి. మన ఊళ్ళ సంగతేమిటి?

మా మేనల్లుడు గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడూ ముగ్గురు స్నేహితులూ కలిసి ఒక బీజీఎంఐ టీము. కిందటేడు ఒక కాలేజీ ఉత్సవంలో పోటీకి వెళ్ళారు. ఆరు మ్యాచ్‌లు. ఆఖరికి వీళ్ళ టీముకీ, పిలిచిన కాలేజీవాళ్ళ సొంత టీముకీ మొత్తం పాయింట్లు సమానం. వీళ్ళకి రెండు చికెన్ డిన్నర్లు, అంటే రెండు మ్యాచ్‌ల్లో చివరిదాకా బతికి గెలిచారు. వాళ్ళకి ఒకటే. కానీ వాళ్ళకి కిల్స్ ఎక్కువ. సమానమైతే ఏం చేస్తారన్నది పోస్టరు మీద ఒక్క ముక్క లేదు. నడిపేవాళ్ళు గదిలోకి వెళ్ళి పావుగంట గుసగుసలాడుకుని బయటికొచ్చారు. "కిల్స్ ఎక్కువున్న టీముకే కప్పు" అన్నారు.

వాడు ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"పోనీలేరా, రెండో బహుమతి వచ్చిందిగా!" అన్నాను.

"ఓడినందుకు కాదు మావయ్యా" అన్నాడు. "ఆఖరి మ్యాచ్‌లో మేం ఒక ఇంట్లో దాక్కుని ఉన్నాం. ఎదురుగా రెండు టీములు కొట్టుకుంటున్నాయి. దూకితే ఇద్దరు ముగ్గుర్ని లేపేసేవాళ్ళం. చచ్చిపోతే డిన్నర్ పోతుందని ఆగాం. కిల్సే లెక్కని ముందే చెప్పుంటే దూకేవాళ్ళం కదా!"

చూశారా, కుర్రాడు ఎంత పెద్ద మాట అన్నాడో! ముడి విప్పే రూలు ఆట అయ్యాక పనికొచ్చే వస్తువు కాదు. అది ఆట మధ్యలోనే పనిచేస్తుంది. కిల్స్ లెక్కంటే ఆటగాడు దూకుతాడు. బతకడం లెక్కంటే ఆగుతాడు. ఏ లెక్కో చెప్పకుండా ఆడించి, తరవాత ఒక లెక్క తీస్తే, అది ఇంటర్వెల్ తరవాత కథ మార్చి హీరోని విలన్ చేసినట్టే! అందులోనూ ఆ లెక్క తీసిందెవరు? గెలిచిన టీము సొంత కాలేజీవాళ్ళు. వాళ్ళ మనసులో ఏముందో నాకెందుకు? అనుమానానికి తలుపు తెరిచారు, అది చాలు. పెద్ద పోటీల్లో సాధారణంగా ముందు డిన్నర్లెన్ని, తరవాత స్థానాల పాయింట్లెన్ని, ఆ తరవాత కిల్స్ ఎన్ని... ఇలా ఒక వరస ముందుగానే రాసి చేతికిస్తారు. ఆ కాగితం ఖరీదు ఎంత? అర్ధరూపాయి!

ముందే చెబితే చాలా?

చాలదు. అదీ చిక్కు!

2019 జులై 14, లార్డ్స్. ప్రపంచ కప్ ఫైనల్. ఇంగ్లండ్ 241, న్యూజిలాండ్ 241. సూపర్ ఓవర్ పెట్టారు... 15, 15. అప్పుడు రూలు పుస్తకం తీసి, బౌండరీలు లెక్కపెట్టి, 26-17 అని ఇంగ్లండ్‌కి కప్పిచ్చారు. రూలు ముందే ఉంది, దొంగచాటుగా తెచ్చింది కాదు. అయినా లోకమంతా ముక్కున వేలేసుకుంది. ఎందుకని? ఒంట్లూ రెండ్లూ తీసి చేసిన పరుగు, ఫోరు కొట్టి చేసిన పరుగు... పుస్తకంలో రెండూ పరుగే కదా! ఏనాడో అయిపోయిన బంతుల్లోంచి గెలుపు తవ్వితీస్తే ఎవరికి మింగుడు పడుతుంది? ఆ అక్టోబరులోనే ఐసీసీ ఆ రూలు తీసేసింది. సెమీఫైనల్, ఫైనల్ అయితే తేలేదాకా సూపర్ ఓవర్లే. 2024 జనవరి 17న బెంగుళూరులో ఇండియా, అఫ్ఘానిస్తాన్ చెరో 212 చేసి, మొదటి సూపర్ ఓవర్లో చెరో 16 చేసి, రెండో సూపర్ ఓవర్లో గాని తేల్చుకోలేదు. ఆ రాత్రి నిద్ర మానుకుని చూసినవాళ్ళెవరూ బౌండరీలు లెక్కపెట్టమని అడగలేదు!

ఇంకా వెనక్కి పోతే ఘోరాలున్నాయి. 1968 యూరప్ ఫుట్‌బాల్ పోటీ సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ అదనపు సమయం ఆడినా గోల్ లేదు. ఏం చేశారో తెలుసా? నాణెం ఎగరేశారు! ఇటలీ ఫైనల్‌కి పోయింది, ఫైనల్ కూడా గెలిచింది. 1970లో పెనాల్టీ షూటౌట్ రూలు వచ్చింది గాని, లేకపోతే ఇప్పటికీ బొమ్మా బొరుసూ చూసుకుంటూ ఉండేవాళ్ళం.

కాబట్టి రూలు ముందే చెప్పడం ఒక్కటే చాలదు. అది ఆటలోంచి పుట్టిన రూలు కావాలి. అదృష్టంలోంచి కాదు, పాత లెక్కల్లోంచీ కాదు.

ఒక్కడి భుజాల మీద...

మరో పద్ధతి మన సినిమావాళ్ళకి బాగా నచ్చేది. కొరియాలో 2003 నుంచి 2016 దాకా 'స్టార్‌క్రాఫ్ట్' ఆటకు 'ప్రోలీగ్' అని టీముల పోటీ నడిచింది. అటొకడు ఇటొకడు ఆడతారు. రెండు-రెండు సమమైతే అయిదో ఆట... దాని పేరు 'ఏస్ మ్యాచ్'! టీము తన మొనగాణ్ణి పంపుతుంది. అంతకు ముందు ఆడినవాడైనా ఫరవాలేదు. అచ్చంగా క్లైమాక్స్ ఫైటింగే!

మనకీ అలాంటి రాత్రి ఒకటుంది. 2020 ఆగస్టు 29. కరోనా రోజుల్లో చదరంగం ఒలింపియాడ్ ఇంటర్నెట్‌లో జరిగింది. సెమీఫైనల్లో పోలండ్‌తో ఒక మ్యాచ్ ఓడాం, ఒకటి గెలిచాం. తేల్చడానికి ఒకే ఒక్క 'ఆర్మగెడ్డాన్' ఆట. ఆ భారం మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి మీద పడింది. ఆర్మగెడ్డాన్ అంటే తెల్లపావులకి టైము ఎక్కువ, కానీ గెలిచి తీరాలి. నల్లపావులకి టైము తక్కువ, డ్రా చేస్తే చాలు. అంటే డ్రా అనేదే లేకుండా, దాన్ని ముందుగానే ఒకరి ఖాతాలో వేసేస్తారు! హంపి గెలిచింది. ఇండియా ఫైనల్‌కి చేరింది.

చూడ్డానికి ఇంతకన్నా రంజైన ఆట లేదు. కానీ నా మనసులో ఒక ములుకు ఉంది. అయిదుగురు, ఆరుగురు కలిసి కట్టిన ఇల్లు. దాని గడప ఒక్కరే దాటాలంటే? గెలిస్తే సరే... ఓడితే ఆ ఒక్క పిల్లో పిల్లాడో "నావల్లే పోయింది" అని ఎన్నాళ్ళు కుములుతారు? కౌంటర్ స్ట్రైక్ ఓవర్‌టైమ్‌లో ఓడితే అయిదుగురూ ఓడతారు. టీము ఆటను టీముతోనే తేల్చడం మేలంటాను.

ఇద్దరికీ ఇవ్వకూడదా?

ఆ మర్నాడే ఫైనల్, రష్యాతో. మొదటి మ్యాచ్ 3-3. రెండో మ్యాచ్ నడుస్తుండగా ప్రపంచంలో చాలాచోట్ల ఇంటర్నెట్ మూలపడింది. మన నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్ ఆడుతున్నవాళ్ళు ఆడుతున్నట్టే తెగిపోయారు, టైము అయిపోయి ఓడారు. బోర్డు మీద రష్యా గెలిచినట్టు కనబడుతోంది. మనవాళ్ళు ఫిర్యాదు చేశారు. అప్పుడు ప్రపంచ చదరంగ సంఘం అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ ఇండియా, రష్యా ఇద్దరూ విజేతలే అన్నాడు. హంపి, హారిక, హరికృష్ణ... ఆ టీములో మన తెలుగువాళ్ళు ముగ్గురు. ముగ్గురికీ స్వర్ణం!

సగం సగం పంచుకున్న స్వర్ణం స్వర్ణమేనా అంటారా? సినిమా వాళ్ళని అడగండి. 1932లో ఆస్కార్ ఉత్తమ నటుడి బహుమతి ఫ్రెడ్రిక్ మార్చ్, వాలెస్ బీరీ ఇద్దరికీ ఇచ్చారు. నిజానికి మార్చ్‌కి ఒక ఓటు ఎక్కువ! మూడు ఓట్ల లోపు తేడాని సమానంగానే చూడాలని అప్పటి రూలు. 1969లో కాథరీన్ హెప్‌బర్న్, బార్బ్రా స్ట్రైసాండ్ ఉత్తమ నటి బహుమతి పంచుకున్నారు. మన జాతీయ అవార్డుల్లో 2023లో ప్రకటించినప్పుడు ఆలియా భట్, కృతి సనన్ ఇద్దరూ ఉత్తమ నటీమణులే. ఎవరి అభిమానులూ సగం అవార్డు అని చిన్నబుచ్చుకోలేదు.

ఆటలో కూడా అంతే. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ హైజంప్‌లో బార్షిమ్, తంబేరీ స్వర్ణం పంచుకోవడానికి ఒప్పుకుని కౌగిలించుకున్నారు. 2024లో పారిస్‌లో అదే హైజంప్‌లో కెర్, మెక్‌ఈవెన్ పంచుకోమన్నారు, ఇంకా దూకారు, కెర్ గెలిచాడు. రెండూ ముచ్చటే! ఎందుకంటే రెండిటికీ రూలు ఒప్పుకుంది, అందరి ముందూ జరిగింది. రామ్ భీమ్ కోసం పడ్డది ఎవరికీ చెప్పకుండా. స్టేడియం మధ్యలో, రూలు నీడలో పంచుకుంటే స్నేహం. చాటుగా పంచుకుంటే ఫిక్సింగ్. తేడా అంతే!

నా తీర్పు ఇదీ!

చెప్పొచ్చేదేమంటే... లీగ్ దశలో డ్రాని బతకనివ్వండి, కానీ గెలుపుకి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ ధర కట్టండి. లేదా ఓవర్‌టైమ్ పెట్టి ఓడినవాడికీ ఒక పాయింటు మిగల్చండి. నాకౌట్ అయితే అదే ఆటను, అదే టీములతో, పక్షాలు సమానంగా మార్చి, చిన్న ముక్కగా ఆడించి తేల్చండి. ఎన్ని ముక్కలన్నదానికి ఒక హద్దు పెట్టండి. పట్టికలో సమానమైతే ముందు ఇద్దరూ ముఖాముఖి ఆడినప్పుడు ఎవరు గెలిచారో చూడండి, అదీ తేలకపోతే ఇంకో ఆట పెట్టండి, దానికీ వేళ లేకపోతేనే లెక్కల జోలికి వెళ్ళండి. కరెంటు పోయో, ఇంటర్నెట్ తెగిపోయో ఆట పాడైతే, మళ్ళీ ఆడించే వీల్లేకపోతే, ఇద్దరికీ ఇవ్వడానికి సిగ్గుపడకండి. నాణెం మాత్రం జేబులోనే ఉంచండి!

ఇవన్నీ మ్యాచ్ మొదలవక ముందే కాగితం మీద ఉండాలి. పోటీలో తమ టీమున్నవాళ్ళు తీర్పు బల్ల దగ్గర ఉండకూడదు.

ఈ వేసవిలో మీ కాలేజీలోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు ఇలాంటి పోటీ పెడతారు. రుసుము కట్టే ముందు పోస్టరు పైనుంచి కిందిదాకా చదవండి. బహుమతి ఎంతో పెద్దక్షరాల్లో ఉంటుంది. "పాయింట్లు సమానమైతే..." అన్న వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేదా? వెళ్ళి అడగండి. మొహమాటపడకండి. ఆట మొదలవక ముందు అడిగితే అది ప్రశ్న. ఆట అయ్యాక అడిగితే అది గొడవ!